ఒక మూర లోపలికి

యుద్ధనౌకలకు పులి పేర్లూ పిడుగు పేర్లూ పెడతారు. ఈ ఓడకు కాగితాల మీద ఏం పేరు రాశారో గానీ, దాని మీద పనిచేసినవాళ్ళందరికీ అది పాడిగేదె. ముప్పై ఎనిమిదేళ్ళు సముద్రం మీద తిరిగి ఒక్క గుండూ పేల్చలేదు. పొట్ట నిండా చమురు నింపుకుని వెళ్ళడం, నడిసముద్రంలో దూడల్లా వచ్చి పక్కన చేరిన యుద్ధనౌకలకు గొట్టం అందించి తాగించడం, పొట్ట ఖాళీ కాగానే రేవుకు తిరిగి రావడం, ఇదే దాని బతుకు. చమురుతో పాటు మంచినీళ్ళిచ్చింది, బంగాళాదుంపల బస్తాలిచ్చింది, ఇళ్ళ నుంచి వచ్చిన ఉత్తరాలిచ్చింది. ఒకసారి పళ్ళ డాక్టరును తాడుకు వేలాడే కుర్చీలో కూర్చోబెట్టి అవతలి ఓడకు పంపింది. ఆయన కళ్ళు మూసుకుని వెళ్ళి, కళ్ళు మూసుకునే తిరిగొచ్చాడట. ఎవరి పన్ను పీకాడో ఆయనకే తెలియదని ఓడంతా నవ్వుకున్నారు.

"వదినా, మన గేదెను అమ్మేశారు" అన్నాడు మరిది, కంచం ముందు కూర్చుంటూ.

ఆమె అన్నం వడ్డిస్తున్న చెయ్యి ఆపింది. "ఎవరికి?"

"పాత ఇనుము కొనేవాళ్ళకి. సోమవారం లాక్కుపోతారు. శనివారం పొద్దున పాతవాళ్ళనీ ఇంటివాళ్ళనీ ఒకసారి ఎక్కనిస్తారట. నువ్వూ రావాలి."

"నేనెందుకు? ఇన్నేళ్ళలో ఎన్నడూ ఎక్కనిదాన్ని."

"అందుకే రమ్మంటున్నా. నీ జెండాలు తిరగని సముద్రం లేదు. నువ్వు మాత్రం దాని మొదటి మెట్టైనా ఎక్కలేదు."

"నా మోకాళ్ళ సంగతి నీకు తెలియదా?"

"ఒంటికాలివాణ్ణి నేనెక్కుతానంటుంటే, రెండు కాళ్ళు పెట్టుకుని నీకేం వచ్చింది? కాస్త సిగ్గుపడు."

ఆమె నవ్వింది. కానీ గరిటె మళ్ళీ గిన్నెలోకి వెళ్ళడానికి చాలాసేపు పట్టింది.

ఈ మరిదిని వీధిలో ఒంటిబూటు అంటారు. అతని కుడికాలు మోకాలి కింది నుంచి లేదు. చంకలో కర్రతో నడుస్తాడు. గడియారాలు బాగుచేసే కొట్టు ఉంది. పెళ్ళి చేసుకోలేదు. ఏటా ఒక జత బూట్లు కొంటాడు, ఎడమది తొడుక్కుంటాడు, కుడిది పాలిష్ పెట్టి మంచం కింద వరసలో పెడతాడు. ఇప్పటికి ఇరవై తొమ్మిది కుడి బూట్లు, ఒక్కదానికీ మట్టి అంటలేదు. "ఎడమకాలు లేనివాడు ఎవడైనా తగిలితే పంపించు వదినా, వాడు జన్మంతా బూట్లు కొనక్కర్లేదు" అంటూ ఉంటాడు. అందరూ నవ్వుతారు. ఆమె కూడా నవ్వుతుంది. అతని గది ఊడ్చేటప్పుడు మాత్రం చీపురు మంచం కిందికి పోనివ్వదు.

ఆమె భర్త ఆ ఓడ మీద బోసన్. అంటే తాళ్ళకూ గొట్టాలకూ డెక్కు మీద పనిచేసే మనుషులకూ పెద్ద. పదకొండేళ్ళ కిందట గుండె ఆగి పోయాడు. అప్పటి నుంచి ఇంట్లో రోజూ పడే రెండో కంచం మరిదిదే. ఆ కంచం లేకపోతే ఈ ఇంట్లో మాట అనేది వినపడదని ఆమెకు తెలుసు.

రెండు ఓడలు నడిసముద్రంలో పక్కపక్కన, ఒకే వేగంతో నడుస్తూ ఉండగానే చమురు ఇచ్చిపుచ్చుకుంటాయి. వాటి మధ్య గొట్టంతో పాటు ఒక సన్నతాడు కూడా కడతారు. అది దూరపుతాడు. దానికి పది అడుగులకొకటి చొప్పున జెండాలు కుట్టి ఉంటాయి. తాడు మొదలు పాడిగేదెకు కట్టి ఉంటుంది. రెండో కొసను అవతలి ఓడవాళ్ళు బిగువు తగ్గకుండా పట్టుకుని నిలబడతారు. తమ అంచు దగ్గరికి ఎన్నో జెండా వచ్చిందో చూసుకుంటూ జరగాల్సింది వాళ్ళే. పన్నెండో జెండా దగ్గర ఉంటే అంతా సవ్యం. మరీ దగ్గరైతే ఓడలు రాసుకుంటాయి. మరీ దూరమైతే గొట్టం తెగుతుంది.

పాడిగేదె మాత్రం జరగదు. గీత గీసినట్టు తిన్నగా పోవడమే దాని పని. "ఇచ్చేవాడు వంకర్లు పోకూడదు, తీసుకునేవాడే సర్దుకోవాలి" అనేవాడు ఆమె భర్త. ఆయన నడకా అంతే. వీధిలో ఎవరెదురొచ్చినా తన దారిన తాను పోయేవాడు, ఆమె అటూ ఇటూ జరుగుతూ ఆయన పక్కకు చేరేది. ఇంట్లో గుమ్మానికి అడ్డంగా కుర్చీ ఉంటే దాన్ని గుద్దుకుని పోయేవాడే గానీ తప్పుకునేవాడు కాదు.

"మీరు ఓడ కాదు, మనిషి" అని ఆమె దెప్పేది.

"ఆ మాట కుర్చీకి చెప్పు" అనేవాడు.

ఓడ సముద్రం మీదికి వచ్చిన మొదటి ఏడే ఆయన జెండాలు కుట్టే పని ఆమెకు తెచ్చిపెట్టాడు. వాళ్ళ పెళ్ళీ ఆ ఏడే. కుట్టుమిషనూ ఆ ఏడే వచ్చింది. రెండేళ్ళకొకసారి కొత్త తాడు వచ్చేది. ముందుగదిలో తాడు చుట్టలు చుట్టలుగా పడి ఉండేది. ఆమె టేపు పెట్టి పది అడుగులు కొలిచి, సుద్దతో గీత పెట్టి, గీత మీద జెండా కుట్టేది. ఎరుపు, పసుపు, నీలం, తెలుపు, ఆకుపచ్చ, మళ్ళీ ఎరుపు. మధ్యాహ్నం వేళ మిషను చప్పుడుకు కళ్ళు వాలిపోతున్నప్పుడు, గోడే కదిలినట్టుగా ఒక బూడిదరంగు ఓడ కిటికీ పక్కకు వచ్చేది. చప్పుడు చేయదు, ఊగదు. మిషనూ, గదీ, కిటికీ మీద ఆరేసిన తువ్వాలూ, తనూ, అన్నీ కలిసి దాని వేగంతోనే ఎక్కడికో పోతున్నట్టు ఉండేది. ఆ ఓడ అంచున ఎవరో నిలబడి ఆమె చేతిలోని తాడు రెండో కొసను పట్టుకున్నట్టు ఉండేది. ఉలిక్కిపడి చూస్తే సూది కింద గుడ్డ ఎప్పుడో అయిపోయి, మిషను ఉత్తగాలిని కుడుతూ ఉండేది.

పొరపాటు ఆ కలల వల్ల రాలేదు. చేతి అలవాటు వల్ల వచ్చింది. గుడ్డ కొలిచిన ప్రతిసారీ, చివర మడతకని రెండు వేళ్ళు వదిలి గీత పెట్టడం కుట్టుపని చేసేవాళ్ళకు ఊపిరి లాంటిది. ఎవరూ ఆలోచించి వదలరు. ఆమె చెయ్యి తాడును కూడా గుడ్డే అనుకుంది. పది అడుగులు కొలిచి, రెండు వేళ్ళు ఆనించి, ఆ వేళ్ళ అవతల గీత పెట్టింది. తాడుకు మడత ఏమిటి? ఆ మాట ఆమెకు తొమ్మిదేళ్ళు తట్టలేదు.

తొమ్మిదో ఏట గొట్టం తెగింది. ఆ రోజు సముద్రం పొంగి ఉంది. పక్కనున్న యుద్ధనౌక దూరం జరిగింది, గొట్టం సాగి తెగింది, దాన్ని మోసే ఉక్కుతీగ కొరడాలా తిరిగొచ్చి డెక్కు మీద నిలబడ్డ మరిది కాలు తీసుకుపోయింది. అప్పటికి అతనికి ఇరవై ఒకటి. అన్నయ్య చేతి కింద పని నేర్చుకుంటానని చేరి రెండేళ్ళు కాలేదు. తప్పు ఎవరిదీ కాదనీ, సముద్రం అలా ఉందనీ పై వాళ్ళు కాగితం రాసి మూసేశారు. ఆసుపత్రి నుంచి వచ్చిన భర్త మాత్రం బూట్లు విప్పుతూ ఒక్క మాటన్నాడు.

"దూరం ఎక్కువైంది."

ఆ మాట ఆమె చెవిలో ఉండిపోయింది. మూడు వారాల తరువాత ఎవరి ఇంటి తెరలకో గుడ్డ కత్తిరిస్తూ, గీతకు ముందు ఆనిన తన రెండు వేళ్ళను తానే చూసుకుంది. చేతిలో కత్తెర అలాగే ఉండిపోయింది. పన్నెండో జెండా వరకూ పన్నెండు సందులు. సందుకు రెండు వేళ్ళు. ఇరవై నాలుగు వేళ్ళు. అంటే సరిగ్గా ఒక మూర, మోచేతి నుంచి నడిమి వేలి కొస దాకా. పన్నెండో జెండా చూసుకుని సరైన చోటే ఉన్నామనుకున్న ప్రతి ఓడా ఒక మూర దూరంగా నడిచిందన్నమాట. ఆ మూరే గొట్టానికి చాలలేదేమో. ఆ మూరే ఆ పిల్లవాడి కాలేమో.

తరువాతి తాడును ఆమె కచ్చితంగా కొలిచి కుట్టింది. వేళ్ళు ఆనకుండా టేపును పంటితో పట్టుకుని మరీ కొలిచింది. భర్త దాన్ని వరండాలో పరిచి తన టేపుతో ఒక సందు కొలిచాడు. రెండోది కొలిచాడు. తలెత్తి ఆమెను ఒక్క క్షణం చూశాడు. "బాగుంది" అని చుట్ట చుట్టుకుని వెళ్ళిపోయాడు. ఆయనేమైనా అడిగి ఉంటే చెప్పేసేదే. అడగలేదు. తనంతట తాను చెప్పడానికి నోరు రాలేదు. తరువాత ఆయనే లేకుండా పోయాడు. ఇక చెప్పడానికి మిగిలింది ఒక్కడే, మంచం కింద బూట్లు పేర్చుకునే మనిషి. అతను ఆ రోజు సంగతి ఎత్తినప్పుడల్లా ఆమె పొయ్యి మీద ఏదో మాడిపోతోందంటూ లేచిపోయేది.

శనివారం నాటికి ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. ఓడ ఉండగానే, ఆ డెక్కు మీదే చెప్పాలి. అది పోయాక చెబితే దొంగచాటుగా చెప్పినట్టే. విన్నాక అతను కంచం ముందుకు వస్తాడో రాడో అతని ఇష్టం.

పొద్దున రేవు మీద పొగమంచు కమ్మి ఉంది. ఓడ కనిపించలేదు. ముందు తడి ఇనుము వాసన వచ్చింది, తరువాత ఎక్కడో పైనుంచి మనుషుల మాటలు వచ్చాయి, ఆ తరువాత మంచులోంచి ఒక గోడ మెల్లగా బయటికి వచ్చింది. మధ్యాహ్నపు కునుకుల్లో కిటికీ పక్కకు వచ్చే ఓడ ఇదే. అంతే బూడిదరంగు. అంతే నిశ్శబ్దం. కాకపోతే ఒళ్ళంతా తుప్పు, కిటికీలో వచ్చినప్పుడు ఎన్నడూ లేనిది.

"చూశావా, ముసలిదైపోయింది" అన్నాడు మరిది.

"మనమేమన్నా పడుచుగా ఉన్నామా?"

మెట్లు ఎక్కడానికి ఇద్దరూ చాలాసేపు తీసుకున్నారు. ఆమె మోకాలికొకసారి ఆగింది, అతను కర్రకొకసారి ఆగాడు. పైన ఓడ చివరి బోసన్ ఎదురొచ్చాడు. నలభై ఏళ్ళవాడు. ఆమె ఎవరో మరిది చెప్పగానే టోపీ తీశాడు.

"జెండాలమ్మా? మీరేనా? నేను చేరిన రోజు నుంచీ మీ తాళ్ళే కడుతున్నానమ్మా. మీ కుట్టు ఒక్కటి ఊడితే ఒట్టు."

ఆమె తన చేతులు కొంగు కింద దాచుకుంది. అతను పాతవాళ్ళ మరో గుంపు దగ్గరికి వెళ్ళాడు. మరిది ఆమెను చేయి పట్టుకుని కుడి అంచు వైపు తీసుకుపోయాడు. దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నాడు. ఇక్కడ వంటవాడు కాలు జారాడు. ఇక్కడ అన్నయ్య నిలబడి ఈల వేసేవాడు. అవతలి ఓడ చమురు తాగి విడిపోయేటప్పుడు పాట వాయిస్తూ పోయేది, ఆ పాట చాలాసేపు నీళ్ళ మీద ఉండిపోయేది.

"ఇక్కడే" అన్నాడు ఒక చోట ఆగి. "నేను నిలబడింది ఇక్కడే."

నీళ్ళ మీద మంచు పలచబడుతోంది. అవతల ఏ ఓడా లేదు. అయినా అక్కడొకటి ఉన్నట్టే, వీళ్ళ వేగంతోనే నడుస్తున్నట్టే అనిపించింది ఆమెకు. అంచు కమ్మీని రెండు చేతులా పట్టుకుంది.

"నీ కాలు పోయింది నా వల్ల" అంది.

"ఏంటి?"

ఆమె చెప్పింది. గుడ్డ సంగతి, మడత సంగతి, రెండు వేళ్ళు, పన్నెండు సందులు, మూర. మధ్యలో ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని ఊపిరి తీయకుండా చెప్పింది. టేపును పంటితో పట్టుకున్న సంగతి కూడా చెప్పింది.

  మరిది కర్ర మీదికి ఒరిగి, కింద డెక్కును చూస్తూ ఉండిపోయాడు. ఇంట్లో రెండో కంచాన్ని తాను బోర్లించి పెట్టడం ఆమె కళ్ళ ముందు కనిపించింది.

"వదినా" అన్నాడు చివరికి. "నేనెప్పుడూ చెబుతుంటానే, పిచ్చిరింగు సంగతి. గుర్తుందా?"

గుర్తుంది. వెయ్యిసార్లు విన్నది. ఓడలో దూరపుతాడు కట్టే ఇనుప రింగును ఏ తలమాసిన వెల్డరో అంచున పెట్టకుండా డెక్కు లోపలికి పెట్టాడనీ, చేరిన మొదటి రోజే అది తగిలి బోర్లా పడ్డాననీ, వాడు దొరికితే తన్ని సముద్రంలో పారేస్తాననీ, అతను చెప్పి నవ్వించే కథ. అతను చెబుతున్నంతసేపూ భర్త తల వంచుకుని అన్నం కలుపుకునేవాడు.

మరిది కర్రతో కింద చూపించాడు. డెక్కు మీద, అంచుకు కాస్త లోపలగా, రంగు మీద రంగు పూసి ముద్దలా అయిపోయిన రింగు ఒకటి ఉంది. దానికొక బకెట్టు తగిలించి ఉంది. దానికి సూటిగా, అంచు కమ్మీ అడుగున, ఇంకో రింగు ఉంది. తాడు రాపిడికి అరిగి వెండిలా మెరుస్తోంది.

"అదేంటి, నా కాలంలో అంచున రింగు లేదే. ఓ బోసనూ!" అని కేకేశాడు. "దూరపుతాడు దేనికి కడతారయ్యా?"

"అంచున ఉన్నదానికే, బాబాయ్" అన్నాడు చివరి బోసన్, దగ్గరికి వస్తూ. "నేను వచ్చి పందొమ్మిదేళ్ళు. ఆ లోపలిది దేనికీ వాడం. ఎందుకు పెట్టారో ఎవరికీ తెలియదు. బకెట్టు తగిలిస్తాం."

"మేం కట్టింది ఈ లోపలిదానికే. నేను చేరేటప్పటికే ఇది ఉంది. నా కాలు పోయిన రోజున తాడు దీనికే ఉంది." మరిది బకెట్టు తీసి పక్కన పెట్టాడు. "వదినా, కూర్చో. మోకాళ్ళు తరువాత తిట్టుకుందువు గానీ. చెయ్యి ఇలా పెట్టు."

ఆమె డెక్కు మీద కూర్చుంది. మోచేయి అంచుకు ఆనించి, చెయ్యి చాపి ఇనుము మీద పడుకోబెట్టింది. నడిమి వేలు రింగుకు తగిలింది. తగిలి, అక్కడే ఆగింది. అటు గింజంతైనా ఎక్కువ లేదు, ఇటు తక్కువా లేదు.

అప్పుడు ఆమెకు చొక్కాలు గుర్తొచ్చాయి. ఆ ఇంట్లో చిరిగిన ప్రతి గుడ్డా ఆమె చేతి మీదుగా పోయిందే. ఓడ మొదటి ఏడు, మొదటి తాడు ఇచ్చిన వారానికి, ఆయన చొక్కా చేతికి మిరపగింజంత కాలిన చిల్లు పడింది. "తాళ్ళ పని చేసేవారికి నిప్పురవ్వలతో ఏం పని?" అని ఆమె కేకలేస్తే, "గేదెకు గుంజ పాతాం" అన్నాడు. మళ్ళీ తొమ్మిదేళ్ళకు, పంటితో టేపు పట్టుకుని కుట్టిన తాడు ఇచ్చిన రెండు రోజులకు, ఇంకో చొక్కాకు అలాంటిదే ఇంకో చిల్లు. "ఈసారేం చేశారు?" అంటే, "గుంజ మార్చాం" అన్నాడు. ఆమె రెండు చిల్లులకూ మాసికలు వేసింది. రెండుసార్లూ ఆయన ఓడ మాటలకు విసుక్కుంది.

ఎదురుగా కుర్చీ ఉంటే తప్పుకోని మనిషి. ఆమె కుట్టు విప్పమనలేదు. ఓడ ఇనుమునే ఒక మూర లోపలికి జరిపాడు. ఆమె సరిచేసుకున్నాక, తానూ మళ్ళీ అంచుకు వచ్చేశాడు.

"మరి దూరం ఎక్కువైందన్నారే" అంది. చెయ్యి ఇంకా అలాగే ఉంది.

"అయింది. ఆ ఓడ అల మీద గుర్రంలా లేచి అవతలికి పడింది వదినా. నేను చూశానుగా. పన్నెండో జెండా వాళ్ళ చేతుల్లోంచి ఎగిరిపోయి నీళ్ళలో పడింది. ఒక మూర కాదు, ఇరవై బారలు పోయింది. ఈ కథ నీకు ఎన్నిసార్లు మొదలుపెట్టానో! మొదలుపెట్టగానే నీ పొయ్యి మీద ఏదో మాడిపోయేది."

"నువ్వు పొయ్యి దగ్గరికొచ్చి చెప్పాల్సింది."

"నాకేం తెలుసు? నా కాలంటే నీకు అసహ్యమనుకున్నా."

ఆమె తలెత్తి అతని ముఖంలోకి చూసింది. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఒకే గదిలో అన్నం తింటూ, ఇద్దరూ చెరొక ఓడ అంచున నిలబడినట్టు నిలబడి ఉన్నారు.

"పిచ్చివాడా" అంది.

మరిది కర్ర పక్కన పెట్టి, కమ్మీ పట్టుకుని, ఆమె పక్కనే చతికిలబడ్డాడు. రింగు మీద చెయ్యి వేసి కాసేపు నిమిరాడు. కళ్ళు తుడుచుకున్నాడు. తుడుచుకుంటూనే నవ్వు మొదలైంది.

"ఏమిటా నవ్వు?"

"ఈ రింగు పెట్టినవాడు దొరికితే తంతానని ఒట్టేసుకున్నానా? ఇన్నాళ్ళకు దొరికాడు. తన్నడానికి చూస్తే నాకు కుడికాలు లేదు."

ఆమె కూడా నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు అదిరేలా నవ్వింది. పాతవాళ్ళ గుంపులోంచి ఒకరిద్దరు తిరిగి చూశారు. మంచు విడిపోయి ఎండ డెక్కు మీదికి వచ్చింది. ఇనుము ఆమె చేతి కింద మెల్లగా వెచ్చబడుతోంది. పడుకున్న పశువు పొట్ట మీద చెయ్యి వేసినట్టుంది.

చివరి బోసన్‌కు సంగతి పూర్తిగా అర్థం కాలేదు గానీ కొంత అర్థమైంది. వంగి రింగును చూశాడు.

"కావాలంటే కోయించి ఇస్తానమ్మా. ఎలాగూ ఇనుపముక్కల్లో పోయేదే. ఎవరూ ఏమీ అనరు."

ఆమె ఆలోచించింది. మోచేతి నుంచి నడిమి వేలి దాకా ఒకసారి చూసుకుంది.

"వద్దు నాయనా" అంది. "ఇక్కణ్ణుంచి తీస్తే అది ఉత్త రింగు."

మరిది లేవడానికి చెయ్యి చాపాడు. ఒకరినొకరు పట్టుకుని లేవడానికి ఇద్దరికీ మూడు ప్రయత్నాలు పట్టాయి. మూడోసారి లేచి నిలబడ్డాక, మధ్యాహ్నానికి ఏం వండుతున్నావని అతను అడిగాడు.